చికిత్స చేసే చేతుల కోసం

తెలుగులో వైద్యులు రాసిన పుస్తకాలు నా అలమరలో చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం రెండు రకాలు. ఫలానా జబ్బు ఎందుకొస్తుంది, వస్తే ఏం తినాలి, ఏం మానాలి అని చెప్పేవి ఒక రకం. పల్లెలో పుట్టి, కిరసనాయిలు దీపం దగ్గర చదివి, పెద్ద డాక్టరైన వైనం చెప్పేవి రెండో రకం. రెండూ అవసరమే. ఒక వైద్య విభాగాన్ని ఎలా నిలబెడతారు, దానికి డబ్బెవరిస్తారు, అడ్డెవరు పడతారు, నేర్చుకోవడానికొచ్చిన కుర్ర డాక్టరుకు ఏం నేర్పాలి అన్న సంగతులు చెప్పే పుస్తకం మాత్రం తెలుగులో నా కంట పడలేదు. మీ చేతిలో ఉన్నది అలాంటి పుస్తకం. అదైనా పదిమందీ గొప్పగా చెప్పుకునే గుండె జబ్బుల విభాగం గురించో, మెదడు ఆపరేషన్ల విభాగం గురించో కాదు. తాగుడుకూ, హెరాయిన్‌కూ, నొప్పి బిళ్ళలకూ, కొకైన్‌కూ, పొగాకుకూ చిక్కినవాళ్ళకు వైద్యం చేసే విభాగం గురించి. ఆసుపత్రిలో అందరికంటే చివరి గది, బడ్జెట్టులో అందరికంటే చివరి పద్దు దొరికే విభాగం గురించి.

రచయిత్రి నా శిష్యురాలు. బహువచనంలో రాస్తే ఆమే ఒప్పుకోదు కనుక పిలిచే తీరునే రాస్తున్నాను. ఆంధ్రదేశంలో ఎం.బి.బి.ఎస్. చదివింది. హౌస్ సర్జన్‌గా మా సైకియాట్రీ వార్డుకొచ్చింది. తక్కిన పిల్లలు సంతకం పెట్టి వెళ్ళిపోయే చోట సాయంత్రం దాకా ఉండి కేస్ షీట్లు రాసేది. తర్వాత అమెరికా వెళ్ళి నాలుగేళ్ళ సైకియాట్రీ రెసిడెన్సీ, ఆపైన ఒక ఏడాది అడిక్షన్ సైకియాట్రీ ఫెలోషిప్ పూర్తిచేసింది. అక్కడే ఒక విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో అధ్యాపకురాలిగా చేరి, చాలా కాలం అడిక్షన్ సైకియాట్రీ కార్యక్రమానికి డైరెక్టరుగా ఉంది. ఆ కళాశాల పేరు పుస్తకంలో ఎక్కడా లేదు. ఎందుకని అడిగితే, పేరు చెబితే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే మనుషులు తెలుస్తారు అంది. అమెరికాలో ఈ చికిత్సకు సంబంధించిన రికార్డులకు మామూలు వైద్య రికార్డులకంటే కట్టుదిట్టమైన గోప్యతా నిబంధనలు 1970ల నుంచీ ఉన్నాయి. ఫలానా మనిషి మా దగ్గరికొస్తున్నాడని చెప్పడం కూడా తప్పే. ఆ కట్టుబాటులో పెరిగిన డాక్టరు కాబట్టి పుస్తకంలోని మనుషులందరినీ పోల్చుకోవడానికి వీల్లేకుండా మార్చింది.

పుస్తకమంతా చదివాక నాకు అర్థమైన సంగతి ఒకటుంది. ఈ జబ్బుకు మందులు చాలా ఏళ్ళుగా ఉన్నాయి. లేనిది ఇచ్చే చేతులు. ఆ చేతులను తయారుచేయడం ఒక్క మంచి డాక్టరు వల్ల అయ్యే పని కాదు. దానికి ఒక విభాగం, ఒక పాఠ్యక్రమం, ఒక క్లినిక్కు, ఏటేటా వచ్చే విద్యార్థులు కావాలి. విశ్వవిద్యాలయ వైద్య కళాశాల ఈ పనికి నారుమడి. కాపు చేను ఎంత పెద్దదైనా మడిలో నారు పోయకపోతే నాటడానికేమీ ఉండదు. రచయిత్రి ఇన్నేళ్ళు చేసిన పని నారు పోయడమే. అందుకే ఈ పుస్తకంలో 'నేను బాగుచేశాను' అన్న వాక్యాలు తక్కువ, 'మా ఫెలో ఇలా చేశాడు' అన్నవి ఎక్కువ.

మొదటి భాగం చరిత్ర. వైద్య చరిత్రంటే పేర్లూ తేదీలూ అనుకునేవాళ్ళు ఇది చదవాలి. అమెరికాలో 1914 నాటి హారిసన్ చట్టం నల్లమందునూ, దాని నుంచి తీసే మార్ఫిన్ వంటి మందులనూ అదుపులో పెట్టింది. 1919లో వెబ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, అలవాటును కొనసాగించడం కోసం మార్ఫిన్ రాయడం వైద్యం కాదని తేల్చింది. అప్పటి నుంచి ఈ రోగిని ముట్టుకున్న డాక్టరుకు పోలీసు భయం పట్టుకుంది. భయపడ్డ వైద్యులు తప్పుకున్నారు, తప్పుకున్న వైద్యుల శిష్యులకు ఈ రోగమే తెలియకుండా పోయింది. 1935లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో ప్రభుత్వం ఒక పెద్ద సంస్థ కట్టింది. అది సగం ఆసుపత్రి, సగం జైలు. అక్కడ నెలల తరబడి మత్తుకు దూరంగా ఉండి, ఒళ్ళు చేసి, ఇంటికి వెళ్ళినవాళ్ళలో చాలామంది మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. గోడ లోపల నయమైనట్టు కనబడింది గోడ బయట ఎందుకు నిలవడం లేదన్న ప్రశ్నే ఈ శాస్త్రాన్ని విశ్వవిద్యాలయాల గుమ్మం ఎక్కించిందని రచయిత్రి అంటుంది. ఆ మాట నిజం.

లెక్సింగ్టన్‌లో పనిచేసిన మేరీ నైస్వాండర్ అనే సైకియాట్రిస్టు 1956లోనే ఈ మనుషులను రోగులుగా చూడాలని పుస్తకం రాసింది. ఆమె, విన్సెంట్ డోల్, కుర్ర డాక్టరు మేరీ జీన్ క్రీక్ కలిసి న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో హెరాయిన్ రోగులకు మెథడోన్ అనే మందు ఇచ్చి చూశారు. 1965లో వాళ్ళు అచ్చు వేసిన తొలి పరిశోధనా పత్రంలో ఉన్నది 22 మంది రోగులే. అదే లెక్సింగ్టన్‌లో రెండేళ్ళు పనిచేసి తిరిగొచ్చిన హెర్బర్ట్ క్లీబర్ 1968లో యేల్ విశ్వవిద్యాలయంలో ఒక విభాగం మొదలుపెట్టాడు. 1971లో ఫిలడెల్ఫియాలో చార్లెస్ ఓబ్రయన్ మాజీ సైనికుల ఆసుపత్రినీ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాన్నీ కలిపి ఇంకో కార్యక్రమం నడిపాడు. తాగుడుకు నాల్‌ట్రెక్సోన్ పనిచేస్తుందని 1992లో చూపించిన పరిశోధన అక్కడిదే. రెండేళ్ళకు దానికి ప్రభుత్వ ఆమోదం వచ్చింది. ఈ పెద్దల గురించి రాస్తూ రచయిత్రి వాళ్ళు కనిపెట్టిన మందులను ఒక పేజీలో ముగించి, వాళ్ళు తయారుచేసిన శిష్యుల గురించి అధ్యాయమంతా రాసింది. ఏ ఊళ్ళో ఏ విభాగం ఎవరి శిష్యుడిదో చెబుతూ పోతుంటే సంగీత విద్వాంసుల గురుపరంపర చదువుతున్నట్టే ఉంటుంది. 1993లో అమెరికన్ సైకియాట్రీ బోర్డు అడిక్షన్ సైకియాట్రీలో తొలి పరీక్ష పెట్టేనాటికి దేశమంతా పరుచుకున్నది ఈ పరంపరే.

రెండో భాగం పుస్తకానికి గుండెకాయ. డైరెక్టరు కుర్చీలో కూర్చున్నాక ఆమెకెదురైన మొదటి చిక్కు రోగులు కాదు, సీట్లు. అడిక్షన్ సైకియాట్రీ ఫెలోషిప్ సీట్లు అమెరికాలో ఏటా ఎన్నో ఖాళీగా మిగిలిపోతాయి. నాలుగేళ్ళ రెసిడెన్సీ ముగించిన సైకియాట్రిస్టు నేరుగా ఉద్యోగంలో చేరితే వచ్చే జీతం, ఫెలోగా ఇంకో ఏడాది చదివితే వచ్చే జీతం కంటే ఎంతో ఎక్కువ. చదువు అప్పులు మెడ మీదుంటాయి. ఆపైన ప్రభుత్వం లెక్క ఇంకో రకం. ఆసుపత్రుల్లో శిక్షణకు అక్కడి ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ ఇచ్చే సొమ్ములో, మొదటి రెసిడెన్సీ గడువు దాటినవాళ్ళను ప్రత్యక్ష శిక్షణ ఖర్చు కింద సగం మనిషిగా లెక్కిస్తారు. మొత్తం సీట్ల మీద 1997 చట్టం పెట్టిన పరిమితి ఒకటి. అంటే కళాశాల పెద్దలు అడిగే ప్రశ్న తేలిక: సగం లెక్కకొచ్చే మనిషి కోసం పూర్తి జీతం ఎందుకివ్వాలి? ఈ ప్రశ్నకు రోగుల కన్నీళ్ళ గురించి చెబితే పని జరగదు. కాలేయం చెడి మళ్ళీ మళ్ళీ చేరేవాళ్ళు, సూది గుచ్చుకుని గుండె కవాటాలకు చీము పట్టి వారాల తరబడి మంచం మీదుండేవాళ్ళు, చికిత్స మధ్యలో వెళ్ళిపోయేవాళ్ళు ఆసుపత్రికి ఎంత ఖర్చు పెట్టిస్తున్నారో పట్టికలు వేసి చూపించిందట. ఒక సీటుకు మాజీ సైనికుల ఆసుపత్రి, ఒక సీటుకు రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చాయి. ఈ అధ్యాయం చదివితే వైద్య కళాశాలలో పద్దుల పుస్తకం కూడా కేస్ షీటేనని తెలుస్తుంది.

వచ్చిన ఫెలోలకు ఏం నేర్పిందన్నది తర్వాతి సంగతి. నాకు బాగా నచ్చిన ఏర్పాటొకటి చెబుతాను. ఫెలో మొదటి నెల వ్యసన చికిత్సా క్లినిక్కులో కూర్చోడు. ఆసుపత్రిలోని తక్కిన వార్డుల్లో తిరుగుతాడు. ఆపరేషన్ అయిన మూడో రోజు చేతులు వణుకుతూ, మంచం మీద పురుగులు పాకుతున్నాయని అరిచే రోగిని సర్జన్లు పిలిచి చూపిస్తారు. తాగుడు హఠాత్తుగా ఆగిపోవడం వల్ల వచ్చిన సన్నిపాతమది. చివరిసారి ఎప్పుడు తాగాడని చేర్చుకున్న రోజు ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న అడగడం, గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలని గుర్తుచేయడం, బెంజోడయాజెపీన్ మోతాదు సరిచూడడం, ఇవన్నీ సర్జన్లకూ నర్సులకూ నొప్పించకుండా నేర్పి రావడం ఫెలో పని. రోగికి వైద్యం చేయడం కంటే తోటి డాక్టరుకు నేర్పడం కష్టమని ఆ నెలలో తెలిసొస్తుంది. తెలిసొచ్చినవాడే ముందు ముందు ఇంకో కళాశాలలో విభాగం నడపగలడు.

అక్కడి ఎమర్జెన్సీ వార్డు గురించిన అధ్యాయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2015లో యేల్ వైద్యులు ప్రచురించిన ఒక పరిశోధనలో, ఎమర్జెన్సీకొచ్చిన నల్లమందు జాతి వ్యసనపరులు 329 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఎక్కడికెళ్ళాలో చీటీ రాసిచ్చారు. ఇంకో గుంపుతో కాసేపు కూర్చుని మాట్లాడి పంపారు. మూడో గుంపుకు మాట్లాడి, అక్కడికక్కడే బ్యూప్రెనార్ఫిన్ అనే మందు మొదలుపెట్టారు. నెల తర్వాత చూస్తే మొదటి గుంపులో నూటికి 37 మంది, రెండో గుంపులో 45 మంది, మూడో గుంపులో 78 మంది చికిత్సలో ఉన్నారు. రోగి అదే, మందూ కొత్తది కాదు. తేడా అంతా ఆ రాత్రి అక్కడున్న డాక్టరు చేతిలో ఉంది. దీన్ని తన ఆసుపత్రిలో అమలు చేయడానికి ఆమె పడ్డ పాట్లు నవ్వూ తెప్పిస్తాయి, దిగులూ తెప్పిస్తాయి. ఇది మా పని కాదన్నవాళ్ళున్నారు. ఇలా చేస్తే ఊళ్ళో వాళ్ళంతా ఇక్కడికే వస్తారన్నవాళ్ళున్నారు. ఇప్పుడు మాత్రం రావడం లేదా, శవంగా వస్తున్నారు గదా అని ఒక పాత నర్సు అనేసరికి చర్చ ముగిసిందట.

చట్టాల గురించి ఆమె రాసిన తీరు నన్ను ఆశ్చర్యపరిచింది. చట్టం తనకు విరోధి అని గానీ, చుట్టమని గానీ అనుకోదు. 2000 నాటి అమెరికా చట్టం మామూలు డాక్టర్లు కూడా తమ క్లినిక్కులో ఈ చికిత్స చేయడానికి దారి తెరిచింది, 2002లో బ్యూప్రెనార్ఫిన్‌కు ఆమోదం వచ్చింది. అయితే ఆ మందు రాయాలంటే 8 గంటల శిక్షణ, ప్రత్యేక అనుమతి ఉండాల్సి వచ్చేది, తొలి ఏడు 30 మంది రోగులకు మించకూడదనేవాళ్ళు. అదే డాక్టరు నొప్పికి ఆక్సికోడోన్ రాయాలంటే అలాంటి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. అలవాటు చేసే మందుకు తలుపు తీసి, మాన్పించే మందుకు గడియ పెట్టారన్నమాట. 2022 డిసెంబరు చివర్లో ఆ అనుమతి నిబంధన ఎత్తేశారు. ఇక చికిత్స వరదలా పారుతుందనుకున్నారు. రాయగల డాక్టర్ల సంఖ్య పెరిగింది గానీ, మందు అందుకునే రోగుల సంఖ్య ఆ మేరకు పెరగలేదు. అడ్డు కాగితంలోనే కాదు, డాక్టరు అలవాటులోనూ ఉంది. ఆ రోగి నా గదిలో కూర్చోవడం నాకిష్టం లేదన్న మనసులో ఉంది. కాగితాన్ని చట్టసభ మార్చగలదు, అలవాటును వైద్య కళాశాలే మార్చాలి. ఈ ముక్క పుస్తకం మొత్తానికి ఇరుసు.

ఫ్రాన్సు అనుభవాన్ని ఆమె పక్కన పెట్టి చూపింది. అక్కడ 1990ల మధ్య నుంచి వీధి చివర మామూలు డాక్టరు కూడా బ్యూప్రెనార్ఫిన్ రాయొచ్చు. నాలుగేళ్ళలో హెరాయిన్ మోతాదు మించి చనిపోయేవాళ్ళు దాదాపు ఐదింట నాలుగు వంతులు తగ్గారు. అమెరికాలో ఫెంటనిల్ అనే మత్తుమందు వచ్చాక 2021, 2022, 2023 మూడేళ్ళూ ఏటా లక్షమందికి పైగా మత్తుమందుల మోతాదు మించి పోయారు. 2024లో ఆ సంఖ్య సుమారు 80 వేలకు దిగింది. సంఖ్యలు చెప్పి ఊరుకోకుండా, తన క్లినిక్కులో రోగి చనిపోయిన వారం ఏం చేస్తారో రాసింది. ఫెలోలు, నర్సులు, కౌన్సిలరు, గుమ్మం దగ్గర కూర్చునే గుమాస్తా అందరూ ఒక గంట కూర్చుంటారు. తప్పెవరిదని ఎవరూ అడగరు. ఆఖరిసారి ఎవరు చూశారు, అప్పుడేం మాట్లాడారు, రాకపోయిన రోజు ఫోను చేశామా అని మాత్రం చూసుకుంటారు. తర్వాత డైరెక్టరే ఆ ఇంటికి ఫోను చేస్తుంది. ఆ ఫోను ఫెలో చేత చేయించదు. పక్కన కూర్చోబెట్టుకుంటుంది. గురువు చెప్పే పాఠాల్లో ఇలాంటివి సిలబస్‌లో ఉండవు.

మానేసినవాడు మళ్ళీ మొదలుపెడితే చికిత్స ఓడినట్టేనా? డాక్టర్లు కూడా లోలోపల అవుననే అనుకుంటారు. 2000 సంవత్సరంలో మెక్‌లెల్లాన్, లూయిస్, ఓబ్రయన్, క్లీబర్ కలిసి రాసిన ప్రసిద్ధ వ్యాసం ఒక పోలిక చేసింది. ఏడాదిలో మళ్ళీ మొదలుపెట్టే వ్యసన రోగులు నూటికి 40 నుంచి 60 మంది. రక్తపోటు, ఉబ్బసం ఉన్నవాళ్ళలో జబ్బు మళ్ళీ తిరగబడేది నూటికి 50 నుంచి 70 మందిలో. బి.పి. మాత్రలు మానేసి పడిపోయిన పెద్దాయనను ఎవరూ సిగ్గులేదా అని అడగరు. మళ్ళీ మాత్ర మొదలుపెడతారు. తాగుడు రోగికి మాత్రం ఉపన్యాసం ఇచ్చి పంపిస్తారు. రచయిత్రి తన క్లినిక్కులో తిరిగొచ్చినవాణ్ణి పలకరించే పద్ధతిని ఫెలోలకు నాటకంలా వేయించి నేర్పుతుంది. ముందు 'వచ్చావు, మంచిది' అనాలి. తర్వాతే మూత్ర పరీక్ష. ఇందులో మిల్లర్, రోల్నిక్ 1991లో పుస్తకంగా వెలువరించిన ప్రేరణాత్మక సంభాషణ పద్ధతి అంతా ఇమిడి ఉంది. రోగి మీద వాదించి గెలవకూడదు, మారడానికి తనకున్న కారణాన్ని తన నోటితోనే చెప్పించాలి.

ఇదే అధ్యాయంలో డాక్టర్లు రోగులైన సంగతీ వస్తుంది. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తొలి పెద్దల్లో ఒకడు, ఆధునిక శస్త్రచికిత్సకు పునాది వేసిన విలియం హాల్‌స్టెడ్ కొకైన్‌కూ తర్వాత మార్ఫిన్‌కూ లోబడినవాడు. ఇప్పుడు అమెరికా రాష్ట్రాల్లో వ్యసనానికి చిక్కిన డాక్టర్లకోసం ప్రత్యేక కార్యక్రమాలున్నాయి. చికిత్స, ఐదేళ్ళ పాటు చెప్పకుండా చేసే పరీక్షలు, కోలుకుంటే తిరిగి వృత్తి. అలాంటి 16 కార్యక్రమాల్లోని 904 మంది డాక్టర్లను పరిశీలిస్తే నూటికి 78 మందికి ఆ ఐదేళ్ళలో ఒక్కసారి కూడా పరీక్షలో మత్తు తేలలేదు. డాక్టరుకు ఐదేళ్ళ ఓపిక దక్కింది, కూలివాడికి ఐదు రోజుల మంచం దక్కింది, ఫలితాల్లో తేడా రోగిదా, ఓపికదా అని రచయిత్రి అడుగుతుంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాళ్ళు ఆసుపత్రులు నడిపేవాళ్ళు.

మెచ్చుకోవడానికే పీఠిక రాస్తారని లోకం అనుకుంటుంది. శిష్యురాలి పుస్తకానికి గురువు రాస్తే ఆ అనుమానం రెట్టింపు. అందుకని నాకు వెలితిగా తోచినవీ చెబుతాను. ఒకటి, తాగుడు గురించి ఒక్క అధ్యాయమే ఉంది. అమెరికాలో ఫెంటనిల్ మంటలో నిలబడి రాసిన డాక్టరుకు అది సహజమే. తెలుగు పాఠకుడికి మాత్రం మొదటి జబ్బు తాగుడే. రెండు, కుటుంబం. అక్కడ రోగి ఒంటరిగా వస్తాడు, తన సంతకం తానే పెడతాడు, అతను ఒప్పుకోకపోతే భార్యకు కూడా ఏమీ చెప్పరు. ఇక్కడ రోగిని భార్యో, తల్లో, మేనమామో పట్టుకొస్తారు. అతనొక్క మాట మాట్లాడేలోగా భార్య పది మాటలు చెబుతుంది. ఆ పది మాటల్లో ఆమె సొంత జబ్బు కూడా ఉంటుంది. నిద్ర లేదు, భయం, దెబ్బలు, తాకట్టు పడిన గాజులు. ఆమెను ఎలా వినాలో పుస్తకం తక్కువ చెప్పింది. రెండో ముద్రణకు ముందు ఒక ఆరు నెలలు ఇక్కడి ఓపీలో కూర్చుని ఆ అధ్యాయం రాసి చేర్చమని ఆమెకు నా ఆజ్ఞ.

ఇక మన సంగతి. 2019లో వెలువడిన జాతీయ సర్వేను ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జాతీయ మత్తు వ్యసన చికిత్సా కేంద్రం నడిపింది. దాని ప్రకారం మన దేశంలో తాగుడు సమస్యకు సాయం కావలసినవాళ్ళు సుమారు 5.7 కోట్లు. మద్యానికి పూర్తిగా లోబడినవాళ్ళలో 38 మందికి ఒకరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందామన్నారు. తెలుగునేలకు ఈ జబ్బు తెలియనిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేచి సారా దుకాణాలు మూయించారు. ఆ ఉద్యమమే 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికీ దారి తీసింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. అన్నేళ్ళలో రాజకీయం కదిలింది, పత్రికలు కదిలాయి, చదువు కదిలింది. ఆ ఊపుకు తగ్గట్టు మన వైద్య కళాశాలల్లో విభాగాలు రాలేదు. సారా దుకాణం మూస్తే మొగుడు మానతాడని ఆ తల్లులు నమ్మారు. దుకాణం మూసిన రాత్రి వణికే మొగుణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళాలో చెప్పాల్సింది మేము, వైద్యులం.

2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు ఆ లోటు కళ్ళకు కట్టింది. కొన్ని జిల్లాల్లో కల్లులో డయాజెపామ్, అల్‌ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్ముతున్నారు. సరఫరా హఠాత్తుగా ఆగేసరికి మూర్ఛలతో, మతి తప్పిన మాటలతో జనం ఆసుపత్రులకు వచ్చిపడ్డారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి మద్యం దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు అదే వరస. దాడి చేయడం, దుకాణం మూయడం ప్రభుత్వానికి ఒక్క ఉత్తర్వు పని. ఆ మర్నాడు వచ్చే రోగిని గుర్తుపట్టి సరైన మోతాదులో మందు ఇచ్చే డాక్టరు జిల్లా ఆసుపత్రిలో ఉండడానికి పదేళ్ళ చదువు కావాలి. మన ఎం.బి.బి.ఎస్.లో మానసిక వైద్యానికి విడిగా పరీక్షే లేదు. పరీక్ష లేని పాఠాన్ని విద్యార్థి ఎంత శ్రద్ధగా చదువుతాడో అధ్యాపకులందరికీ తెలుసు.

అమెరికాలో ఉన్నదంతా ఇక్కడికి మోసుకురమ్మని ఈ పుస్తకం చెప్పదు. అక్కడి డబ్బు వేరు, చట్టం వేరు. బెంగళూరు నిమ్హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ ఈ శాస్త్రంలో మనకు పెద్దన్నలు. నేర్చుకోవాలంటే ముందు వాటి గుమ్మమే ఎక్కాలి. రచయిత్రి దగ్గర మన కళాశాలలు నేర్చుకోవలసింది ఒక క్రమం. మొదట పెద్ద భవనం కట్టలేదు. మొదట తక్కిన వార్డుల్లోకి మనుషుల్ని పంపింది. అక్కడ పనికొస్తారని తేలాక వారానికొక ఓపీ పెట్టింది. ఓపీ నిండాక సీట్లు అడిగింది. సీట్లొచ్చాక పరిశోధన మొదలుపెట్టింది. మన దగ్గర ఈ క్రమం తలకిందులుగా నడుస్తుంది. ముందు శిలాఫలకం, తర్వాత మంచాలు, చివరికి డాక్టరు దొరకక తాళం.

భాష గురించి రెండు మాటలు. మందుల పేర్లను ఉన్నవున్నట్టు తెలుగు లిపిలో రాసి, తక్కినదంతా గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో రాసింది. ఇన్నేళ్ళు పరాయి దేశంలో ఉన్న మనిషికి ఆ పలుకుబడి చెక్కుచెదరలేదు. రోగిని కించపరిచే పదం పుస్తకంలో ఒక్కటీ లేదు. 'తాగుబోతు' అన్న మాట వచ్చిన చోట్ల అది వేరేవాళ్ళ నోట వచ్చినదే.

ఈ పుస్తకం ముందుగా హౌస్ సర్జన్లు చదవాలి. చివరిసారి ఎప్పుడు తాగావని కోపం లేని గొంతుతో అడగడం వాళ్ళకు దీనివల్ల అబ్బితే చాలు, ఎన్నో ప్రాణాలు నిలబడతాయి. ప్రిన్సిపాళ్ళూ, ఆసుపత్రి సూపరింటెండెంట్లూ రెండో భాగమైనా చదవాలి. ఒక అధ్యాపకుడు, ఇద్దరు పీజీలు, వారంలో ఒక పూట, తలుపు వేసుకోగలిగిన ఒక గది ఇస్తే పని మొదలవుతుంది. ఇంట్లో ఇలాంటి రోగి ఉన్నవాళ్ళు తిరగబడ్డ జబ్బు గురించిన అధ్యాయం చదవాలి. తమవాడు మళ్ళీ తాగాడంటే చికిత్స వృథా అయిందని కాదని, మళ్ళీ తీసుకెళ్ళాలని వాళ్ళకు తెలియాలి.

నా శిష్యురాలు ఫెలోలను తయారుచేసింది, ఆ ఫెలోలు వేరే కళాశాలల్లో విభాగాలు తెరిచారు. ఇప్పుడు తన భాషలో ఈ పుస్తకం రాసి, తాను ఎన్నడూ చూడని విద్యార్థులకు కూడా గురువవుతోంది. గురువుకు ఇంతకంటే సంతోషం ఉండదు. ఆమెకు ఆయురారోగ్యాలు కలగాలనీ, ఈ పుస్తకం చదివి మన జిల్లాల్లో ఒక్క వైద్య కళాశాలైనా వచ్చే విద్యా సంవత్సరంలో ఆ గది తెరవాలనీ ఆశీర్వదిస్తున్నాను.